ఎండ రాని బాల్కనీలో పరిమళించే ఆకులు

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. బాల్కనీ ఉత్తరం వైపు ఉంది. ఎదురుగా అయిదంతస్తుల భవనం. వెలుతురు బాగానే ఉంటుంది కానీ ఎండ దాదాపు పడదు. మా అత్తగారికి గ్లకోమా వల్ల రెండేళ్లుగా చూపు లేదు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ పెరట్లో మరువం, దవనం, తులసి తన చేతులతో పెంచుకున్న మనిషి. ఇప్పుడు ఉదయం, సాయంత్రం బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఆమె కోసం మరువం రెండుసార్లు, దవనం ఒకసారి తెచ్చాను. ఇంటర్నెట్‌లో చూసి లావెండర్, రోజ్‌మేరీ కూడా తెచ్చాను. రోజూ నీళ్లు పోసినా నెల తిరక్కుండానే అన్నీ చచ్చిపోయాయి. నా చేతికి మొక్క బతకదేమో అనిపిస్తోంది. నీడలో పెరుగుతూ, ఆకులకు సువాసన ఉండే మొక్కలు ఏమైనా ఉన్నాయా? పూలు లేకపోయినా ఫరవాలేదు. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. — ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందుగా మీ చేతి మీద మీరు మోపుకున్న నింద దించేయండి. మీరు తెచ్చిన నాలుగూ ఎండ బిడ్డలు. మరువం, లావెండర్, రోజ్‌మేరీ మధ్యధరా సముద్రం చుట్టుపక్కల ఎండకు కాగే రాతి నేలల నుంచి వచ్చాయి. దవనం మన దగ్గర చలికాలంలో బయలు పొలాల్లో పండే పైరు. వీటికి రోజుకు కనీసం అయిదారు గంటల నేరు ఎండ కావాలి. నీడలో పెడితే కణుపుల మధ్య దూరం పెరిగి, కాడలు పాలిపోయి, వెలుతురు కోసం మెడ చాస్తాయి. ఆకుల్లో వాసన తగ్గుతుంది. మొక్క సువాసన తైలాన్ని తయారుచేసుకోవడం కూడా ఎండతో వండుకున్న తిండి మీదే ఆధారపడిన పని కాబట్టి.

ఇక రోజూ నీళ్లు పోసినా చచ్చిపోయాయి అన్నారు. రోజూ పోయడం వల్లే చచ్చిపోయాయి. ఎండ లేని చోట మొక్క నీళ్లు తాగడం బాగా తగ్గుతుంది, కుండీలో తడీ ఆరదు. వేళ్లకు గాలి ఆడక కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీటిని పైకి పంపలేదు కాబట్టి ఆకులు వాడతాయి. వాడిన ఆకు చూసి మనం దాహమేమో అనుకుని మరో చెంబు పోస్తాం. నేనూ తొలి రోజుల్లో మామిడిచెట్టు నీడన మరువాన్ని వరుసగా మూడు కారులు ఇలాగే పోగొట్టుకున్నాను. తప్పు తెలిసింది మూడో కుండీ బోర్లించి నల్లబడిన వేళ్లు చూశాక.

మీ ప్రశ్నలో నాకు నచ్చిన మాట "ఆకులకు సువాసన". పూల వాసన తనంతట తానే గాలిలో తేలి వస్తుంది. ఆకు అలా కాదు. చాలావరకు ఎవరో తాకాలి, నలపాలి, తుంచాలి. తులసి, పుదీనా, వాము ఆకు ఉన్న కుటుంబంలో తైలం ఆకు పైనున్న సన్నని నూగులో, చిన్న చిన్న గ్రంథుల్లో ఉంటుంది. చెయ్యి తగిలితే చాలు, చిట్లి వాసన వస్తుంది. అల్లం, దాల్చిన, తమలపాకు కుటుంబాల్లో తైలం ఆకు లోపలి కణాల్లో ఉంటుంది, నలిపితే తప్ప బయటపడదు. చూపున్న వాళ్లు ఆకు మొక్కను దూరం నుంచి చూసి మెచ్చుకుని వెళ్లిపోతారు. మీ అత్తగారు చేతితో చూస్తారు. కాబట్టి మీ బాల్కనీని ఆమె చేతికి అందేలా అమర్చుకుందాం. చెట్ల కింద, తోటల నీడల్లో పుట్టి పెరిగే అలవాటున్న మొక్కలనే తెచ్చుకుందాం.

దానికి ముందు మీ బాల్కనీ వెలుతురు సంగతి. ఉత్తరం వైపు ఎప్పుడూ ఎండ రాదనుకుంటాం. హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలిచి నీడ మాయమయ్యే రోజులు ఏడాదికి రెండు, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో. ఆ రెంటి మధ్య రోజుల్లో మధ్యాహ్నపు సూర్యుడు కూడా కాస్త ఉత్తరంగానే ఉంటాడు. ఉదయం, సాయంత్రం ఇంకా ఉత్తరానికి జరిగి, ఏటవాలుగా మీ రెయిలింగ్ అంచును తాకుతాడు. ఎదుటి భవనం అడ్డు లేని మూల ఉంటే అక్కడ గంటో రెండు గంటలో నేరు ఎండ పడుతుంది. మే నెలలో అది నీడ మొక్కల ఆకులను మాడ్చేంత ఎండ. సెప్టెంబరు చివరి నుంచి మార్చి దాకా మాత్రం ఉత్తరపు బాల్కనీకి నేరు ఎండ అసలే ఉండదు. అందుకే ఒక్కసారి కుండీ పెట్టి ఏడాదంతా అక్కడే అనుకోకూడదు. వేసవిలో అంచున ఉన్నవాటిని ఒక అడుగు లోపలికి జరపాలి, దసరా వెళ్లాక మళ్లీ అంచుకు తేవాలి.

వెలుతురు చాలుతుందో లేదో తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. మధ్యాహ్నం పన్నెండుకు కుండీ పెట్టబోయే చోట తెల్ల కాగితం పరిచి, దానికి జానెడు ఎత్తున అరచెయ్యి పట్టండి. అంచులు చెదిరినా చేతి నీడ ఆనవాలు కనిపిస్తే నేను చెప్పబోయే మొక్కలు బతుకుతాయి. నీడే పడకపోతే అది చీకటి మూల, అక్కడ ఏ పరిమళపు ఆకునూ పెట్టకండి.

మొట్టమొదట వాము ఆకు పెంచండి. కర్పూరవల్లి అన్నా ఇదే. బజ్జీలు వేసుకునే దళసరి ఆకు. వాము గింజ పండే మొక్క వేరు, దీనికి దానికీ చుట్టరికం లేదు. వాసన కలవడానికి కారణం రెంటిలోనూ థైమాల్, కార్వక్రాల్ లాంటి తైలాంశాలు ఉండటం. ముఖమల్ గుడ్డలా ఉండే ఆ ఆకును మీ అత్తగారు తాకగానే గుర్తుపడతారు. ఆకు అంచున తెల్ల చార ఉండే రకం కూడా దొరుకుతుంది, చూసేవాళ్లకు అందంగా ఉంటుంది. ఎవరింట్లోనైనా నాలుగంగుళాల కొమ్మ అడిగి తెచ్చుకుని, కింది ఆకులు గిల్లి గుచ్చితే రెండు వారాల్లో వేరు పట్టేస్తుంది. మీ దగ్గరున్న వెలుతురులో మంచి చోటు దీనికివ్వండి. మరీ నీడైతే కాడలు సాగి వేలాడతాయి. పదిహేను రోజులకోసారి చిగుళ్లు గిల్లుతూ ఉంటే గుబురుగా వస్తుంది. గిల్లే పని మీ అత్తగారిదే కావాలి, ప్రతి గిల్లుడుకూ వాసన దక్కుతుంది. ఆకు నిండా నీరు దాచుకునే మొక్క ఇది. మట్టి పైన రెండంగుళాల మేర ఎండితే తప్ప నీళ్లు పోయకండి.

దీని పక్కన రంగుల కోసం కోలియస్ పెట్టుకోవచ్చు. ఊదా, ఎరుపు, ఆకుపచ్చ కలిసిన ఆకులతో నీడలోనూ మెరుస్తుంది. దానికి చెప్పుకోదగ్గ వాసన లేదు కానీ వాము ఆకుకు దగ్గరి చుట్టమే. 2019 దాకా వాము ఆకును ప్లెక్ట్రాంథస్ ప్రజాతిలో ఉంచిన శాస్త్రజ్ఞులు ఇప్పుడు కోలియస్ ప్రజాతిలోకే చేర్చారు. కోలియస్ మీకూ పాపకూ కంటి విందు.

రెండోది, మీ బాల్కనీకి అన్నిటికన్నా తగిన మొక్కగా నేను అనుకునేది, పాండన్. నర్సరీల్లో బాస్మతి మొక్క అనీ, కొన్నిచోట్ల అన్నపూర్ణ అనీ అంటారు. మొగలి కుటుంబానిదే కానీ మొగలికున్న ముళ్ల అంచు దీనికి లేదు. ఆకు చివర్లో ఒకటి రెండు నూగు ముళ్లు తప్ప మిగతా అంచంతా నునుపు, చూపు లేని చేతికి ప్రమాదం ఉండదు. బాస్మతి బియ్యం ఉడికేటప్పుడు వచ్చే కమ్మదనానికి మూలమైన పదార్థమే ఈ ఆకులోనూ ఉంది. పచ్చి ఆకు ఊరికే తాకితే పెద్దగా వాసన రాదు. తుంచి కాసేపు వాడనిచ్చినా, ముడివేసి అన్నం ఉడికేటప్పుడు వేసినా ఇల్లంతా పరుచుకుంటుంది. సాయంత్రం ఆమె కుర్చీలో కూర్చునే ముందు ఒక ఆకు తుంచి చేతికివ్వండి. ఇది విత్తనంతో రాదు, పిలకలతోనే పెంచాలి. పన్నెండంగుళాల కుండీ చాలు. మీరు చేసే పొరపాటును కాస్త క్షమించే మొక్క కూడా ఇదే. తడి మట్టిని ఇష్టపడుతుంది, అయితే నిలవ నీటిని కాదు. నర్సరీలో జాగ్రత్త: పసుపు, తెలుపు చారలతో, అంచు నిండా ముళ్లతో ఉండే అలంకారపు పాండనస్‌ను ఇదే అని ఇస్తారు. దానికి ఈ వాసన లేదు. ఆకు ముక్క తుంచి నలిపి చూసి గాని డబ్బివ్వకండి.

మూడోది తమలపాకు. నీడ మొక్క అంటే ఏమిటో మన రైతులకు తమలపాకు తోట నేర్పినంతగా మరేదీ నేర్పలేదు. గుంటూరు జిల్లా పొన్నూరు వైపు తోటల్లో అవిశె చెట్లు పెంచి, వాటి మీదికి తీగ పాకించి, ఆ చెట్ల నీడనే తీగకు గొడుగు చేస్తారు. లోపలికి అడుగుపెడితే చల్లగా తేమగా ఉంటుంది. ఆ తోటనే మీరు ఒక కుండీకి కుదించాలి. ఇది తొలకరి, నాటడానికి మంచి అదను. మూడు కణుపుల తీగ ముక్క తెచ్చి రెండు కణుపులు మట్టిలో ఉండేలా నాటండి. కొబ్బరి పీచు తాడు చుట్టిన కర్ర ఒకటి పక్కన పాతి, ఆ పీచును తడుపుతూ ఉంటే కణుపు వేళ్లు దాన్ని పట్టుకుని ఎక్కుతాయి. హైదరాబాద్‌లో తమలపాకుకు శత్రువు ఎండ కాదు, ఏప్రిల్, మే నెలల పొడి గాలి. ఆ రెండు నెలలూ ఉదయం, సాయంత్రం ఆకుల మీద నీళ్లు చిలకరించండి. పలచగా, చల్లగా, జారిపోయేలా ఉండే ఆ ఆకుకూ వాము ఆకుకూ తేడా వేలి కొసకు వెంటనే తెలుస్తుంది.

నాలుగోది పసుపు. అవును, మామూలు పసుపు మొక్కే. జానెడు వెడల్పున, మూరెడు పొడవున లేచే పచ్చటి ఆకులు ఏ అలంకారపు మొక్కకూ తీసిపోవు. నలిపితే పసుపు వాసనతో పాటు నిమ్మ లాంటి తాజాదనం వస్తుంది. సగం నీడలో చక్కగా పెరుగుతుంది. దుంప చిన్నదవుతుంది, అది మనకు అక్కర్లేదు. పది, పన్నెండు అంగుళాల లోతున్న గ్రో బ్యాగులో రెండు కొమ్ములు ఇప్పుడే నాటండి. దొరికితే మామిడి అల్లం కొమ్ము కూడా ఒకటి నాటండి. పచ్చి మామిడికాయ వాసన దాని దుంపలోనే ఎక్కువ. గుర్తుంచుకోవలసింది ఒకటే: సంక్రాంతి నాటికి రెండింటి ఆకులూ పసుపుబారి వాలిపోతాయి. చచ్చిపోలేదు, దుంప నిద్రపోతోంది. నీళ్లు ఆపేసి కుండీని పక్కన పెట్టి, మే చివర మళ్లీ తడపండి.

వెడల్పాటి చోటుంటే పసుపు చారల ఆల్పీనియాను తెచ్చుకోండి, అల్లం కుటుంబపు అలంకార మొక్క అది. ఆకుపచ్చ మీద వెన్న రంగు చారలు, నలిపితే అల్లం వాసన. పద్నాలుగంగుళాల కుండీ కావాలి, మూడు నాలుగు అడుగులు పెరుగుతుంది. దీని దగ్గరి చుట్టాన్ని చాలా నర్సరీల్లో "ఏలకుల మొక్క" పేరుతో అమ్ముతున్నారు. ఆకు వాసన ఏలకులను తలపిస్తుంది కూడా. వాసన కోసం కొంటే నష్టం లేదు, ఏలకులు కాస్తాయని చెబితే మాత్రం నమ్మకండి. ఏలకులు కాయాలంటే పడమటి కనుమల లాంటి చల్లని కొండ అడవి కావాలి.

మాచిపత్రి గురించి ప్రత్యేకంగా చెప్పాలనిపిస్తోంది. వినాయక చవితి నాటి ఇరవై ఒక్క పత్రుల్లో మొదటి పేరు దానిదే, "సుముఖాయ నమః మాచీపత్రం పూజయామి" అని. పేరు అందరికీ తెలుసు, మొక్క తెలిసినవాళ్లు తగ్గిపోయారు. చీలికలుగా తెగిన ఆకు, అడుగున తెల్లని నూగు, తాకితే కాస్త చేదు కలిసిన ఘాటైన పరిమళం. దవనానికి సొంత చుట్టం, రెండూ ఆర్టిమీసియా ప్రజాతివే. దవనం మీ బాల్కనీలో బతకదు గానీ మాచిపత్రి కాస్త నీడను ఓర్చుకుంటుంది. వేసవిలో ఎండ తాకే ఆ మూల ఉంటే అక్కడ పెట్టండి. నేలలోపల పాకుతూ పిలకలు వేస్తుంది కాబట్టి దానికి విడిగా ఒక కుండీ ఇవ్వాలి. మొగ్గ కనబడగానే తుంచేయండి, ఈ పుప్పొడి కొందరికి తుమ్ములు తెప్పిస్తుంది. ఈ చవితికి ఆ పత్రిని మీ అత్తగారి చేతే కోయించండి.

పచౌలి కూడా నీడను ఓర్చేదే. ఆకు ఎండే కొద్దీ వాసన పెరుగుతుంది, ఎందుకంటే తైలంలో కొంత ఆకు లోపలే దాగి ఉంటుంది. వెనకటికి కశ్మీరు శాలువాలకు చిమ్మటలు పట్టకుండా ఈ ఆకుల్ని మడతల్లో వేసి ఐరోపాకు పంపేవారు. గుప్పెడు ఆకులు నీడన ఎండబెట్టి పలుచని గుడ్డలో మూటగట్టి ఆమె చీరల మధ్య పెట్టి చూడండి. పుదీనా సంగతి మీకు తెలిసిందే, బజారు కట్టలోని గట్టి కాడలు గుచ్చితే చాలు.

మరి మరువం? ఆమెకు అలవాటైన వాసన అది, దాన్ని పూర్తిగా వదులుకోమని చెప్పలేను. మీ భవనం మీద డాబాకు వెళ్లే వీలుంటే మరువం రెండు కుండీలు, తులసి రెండు కుండీలు పైన ఎండలో పెంచండి. ఒక్కో కుండీని నాలుగైదు రోజులు కిందికి తెచ్చి ఆమె పక్కన పెట్టి, తర్వాత పైకి పంపి రెండోది తీసుకురండి. బాల్కనీలో ఉన్నన్నాళ్లూ నీళ్లు సగానికి తగ్గించండి. కొంచెం శ్రమే, కానీ ఆ ఒక్క వాసన కోసం పడదగ్గ శ్రమ.

మట్టి విషయంలో ఇప్పుడు అందరూ కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, ఎక్కువగా కలుపుతున్నారు. డాబా మీద ఎండకు అది మేలు, నీడలో కీడు. తడిని రోజుల తరబడి పట్టి ఉంచుతుంది. మీరు రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు ముతక ఇసుక కలపండి. పాండన్, తమలపాకుల కుండీల్లో మాత్రం గుప్పెడు కోకోపీట్ వేయవచ్చు. ఎరువు తక్కువే మేలు, నెలన్నరకోసారి పిడికెడు వర్మీకంపోస్టు చాలు. యూరియా వేస్తే ఆకు పెద్దదై వాసన పలచబడుతుంది. కోలియస్ కాడల సందుల్లో దూదిలా పిండినల్లి కనబడితే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి చల్లండి. తినే ఆకుల మీద పడితే కడిగాకే వాడాలి. కుండీ కింద పళ్లేల్లో నీరు నిలిస్తే డెంగీ దోమలు పెరుగుతాయి, పైగా పొంగి నేల మీదికి వస్తే మీ అత్తగారు జారిపడే ప్రమాదం. పోసిన అరగంటకు పళ్లెం ఖాళీ చేయండి.

దోమలను తరుముతుందంటూ నిమ్మ వాసన జెరేనియంను కొనిపిస్తారు. మొక్క ఉన్నంత మాత్రాన దోమలు రాకపోవడం జరగదు, పైగా అది చల్లటి ఎండ కోరేది, మన మే నెలను తట్టుకోదు. దానికన్నా ముఖ్యంగా దూరం పెట్టాల్సింది డిఫెన్‌బాకియా. పెద్ద చుక్కల ఆకులతో నీడలో బాగా పెరుగుతుందని ప్రతి నర్సరీ చూపిస్తుంది. దాని కాడ, ఆకు నమిలితే సూది మొనల్లాంటి స్ఫటికాలు గుచ్చుకుని నోరు, నాలుక మండి వాచిపోతాయి. నాయనమ్మ ఆకు తుంచి వాసన చూడటం చూసి పాప కూడా తుంచుతుంది, నోట్లోనూ పెట్టుకుంటుంది. తుంచడం నేర్పే బాల్కనీలో అలాంటి మొక్క ఒక్కటి కూడా ఉండకూడదు. క్రోటన్లు కూడా వద్దు.

కుండీలను నేల మీద కాకుండా కుర్చీలో కూర్చున్న మనిషి మోచేతి ఎత్తున, బరువు మోసే గట్టి బల్ల మీద పెట్టండి. తాకితే చాలు వాసన వచ్చే వాము ఆకు, పుదీనా కుడిచేతి దగ్గర. నలపాల్సిన పసుపు, ఆల్పీనియా వెనక నేల మీద. తమలపాకు తీగ గుమ్మం పక్కన, లోపలికి వస్తూ పోతూ చెయ్యి ఆన్చేలా. వేసవిలో జరపాల్సి వచ్చినా ఈ వరస మార్చకండి. మొత్తం బల్లను జరపండి, లేదా జరిపేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని కొత్త చోటు చూపించండి.

అన్నీ ఒకేసారి తేవద్దు. ఈ వారం వాము ఆకు, పాండన్ తెచ్చి నెల రోజులు చూడండి. నీళ్లు పోసే బాధ్యత మాత్రం మీరు తీసుకోకండి, మీ అత్తగారికి అప్పగించండి. పైన ఎండినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది, పైన తడిగా కనిపించినా లోపల పొడిగా ఉండవచ్చు. కన్ను ఇక్కడ మోసపోతుంది, వేలు మోసపోదు. చూపుడు వేలు రెండో గీత దాకా మట్టిలో గుచ్చి, తడి తగిలితే ఆగమని, తగలకపోతే ఒక గ్లాసు పోయమని చెప్పండి. పాండన్‌కు మొదటి గీత చాలు. పెరట్లో అన్నేళ్లు మట్టి పిసికిన వేళ్లకు ఇంతకన్నా వివరంగా చెప్పాల్సిన పని ఉండదు.